దీపం ముందు పెట్టిన ఇంగ్లీషు క్రియ

సాంత్ర్ ద ఫ్లాక్,
1966 జూన్ 20, సోమవారం.

లాల్మతీ రామభజన సమాజం ప్రెసిడెంటు సూరన్నగారికి,

నమస్కారాలు. పదేళ్ళుగా మావయ్యగారూ అని పిలిచాను, ఇక పిలవను. మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కరలేదు, శుక్రవారం మీ గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

కోవెల పక్క గదిలో ఆడపిల్లలకు తెలుగు చెబుతూ, ఈ గురువారం నర్సు పరీక్ష ఉందని అరగంట ఇంగ్లీషు కూడా చెప్పాను. అదే నా నేరం. ఇది కోవిల, లెకోల్ గాదు, బడి గాదు, ఇంగ్లీసు నీ ఇంట్లో చెప్పుకో అన్నారు. పిల్లల ముందే నా చేతిలో సుద్దముక్క లాక్కున్నారు. బల్లమీది నోటుపుస్తకంలో తెలుగు అక్షరాలు కనబడగానే భజన పుస్తకమనుకుని, కళ్ళకద్దుకుని మరీ పట్టుకుపోయారు.

అందులో తెలుగులో రాసి ఉన్నది ‘గెట్’ అనే ఒక్క ఇంగ్లీషు క్రియ గురించి. దొరకడం, చేరుకోవడం, అర్థం కావడం, పక్కమీంచి లేవడం, జబ్బు అంటుకోవడం, నయం కావడం, అన్నిటికీ అదే మాట. ఇవాళయితే గెట్, నిన్నయితే గాట్. అది ఇంగ్లీషువాళ్ళ సొంతం కూడా కాదు. వెయ్యేళ్ళ కిందట ఉత్తర సముద్రాల ఓడవాళ్ళతో ఇంగ్లండుకు వచ్చి అక్కడ స్థిరపడింది, ఈ దీవిలో చెరకు తోటలకు మన తాతలు వచ్చినట్టే. ఈ సంగతి చెప్పాకే పిల్లలకు ఇంగ్లీషంటే భయం పోయింది.

శనివారం భజనలో ఆ పుస్తకమే దీపం ముందు పెట్టుకుని, పేజీలు తిప్పుతూ రాముడి పాటలు పాడారు. హారతికి దగ్గరకొచ్చి చూస్తే, తెరిచి ఉన్నది జబ్బు అంటుకోవడం గురించిన పేజీ! తెలుగు కోసం నన్ను గెంటేసిన మనిషికి తెలుగు చదవడం రాదు. అందరిలో అనేద్దామని నోటిదాకా వచ్చింది. అననందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. మీరు చదవలేరు గనకే ఈ ఉత్తరం పూజారి ఆంజనేయులుగారి చేతికిస్తున్నాను. తలుపు వేసి మీకొక్కరికే చదువుతారు.

బుధవారంలోగా పుస్తకం ఆయనకివ్వండి. అది లేకపోతే ఒక పిల్ల పరీక్ష పోతుంది, ఇంగ్లండు ప్రయాణమూ పోతుంది. ఇవ్వలేదో, వచ్చే శనివారం అందరి ముందూ లేచి మిమ్మల్ని ఒక్క లైను చదవమంటాను.

మీ దగ్గర సెలవు అడిగే పని కూడా నాకు లేదు.

రుక్మిణి

తా.క. ఆ పుస్తకం నాదనుకున్నారు. కాదు, మీ అమ్మాయి గౌరీదేవిది. శుక్రవారం మీ అడుగుల చప్పుడు విని వెనక గుమ్మంలోంచి పారిపోయింది. శనివారం మీ పక్కనే కూర్చుని తన పుస్తకాన్ని గుర్తుపట్టింది. మీ పరువు పోతుందని అడగలేదు. పేజీ తిప్పవలసిన చోటల్లా, ఎప్పటిలాగే, మీకు వినపడేట్టు చిన్నగా దగ్గింది.