కాన్పు గది తలుపు దగ్గర

జూన్ 14, 2005. అమరచింత

పాప పుట్టి పదకొండో రోజు. ఈరోజు పురుడు చేశారు. వచ్చిన ఆడవాళ్లందరిదీ ఒకటే మాట — "తల్లీబిడ్డా సల్లగున్నరు, ఇంకేం గావాలె?" తలూపాను. నా కళ్లలో నీళ్లు చూసి అమ్మ కసిరింది. "బాలింతవు, ఏడ్వద్దు. చూపు మందగిస్తది."

జూన్ 17

కళ్లు మూస్తే గద్వాల దవాఖానలో ఆ కాన్పు గదే. అమ్మను బయటే నిలబెట్టారు. నొప్పికి అరిస్తే నర్సు తొడ మీద కొట్టింది. "మొగని పక్కల పండినప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే?" పక్క మంచం మీదామె ముఖం తిప్పుకుంది. నాకు ఆ దెబ్బ కన్నా అదే...

ఆఖరికి పాప పుట్టి ఏడ్చింది. నాకు సంతోషం రాలేదు. ఇక కొట్టరు అనుకున్నాను, అంతే. ఏ తల్లయినా అలా అనుకుంటుందా?

జూన్ 20

అమ్మకు చెప్పాను. పాపకు నూనె రాస్తోంది. "అందర్నీ గట్లనే అంటరు బిడ్డా. మర్చిపో."

తననూ అన్నారని మాత్రం అమ్మ చెప్పలేదు. చాలాసేపు పాప కాళ్లే రుద్దుతూ కూర్చుంది.

జులై 3

పాప నా వేలు పట్టుకుని పాలు తాగుతోంది. ఇవాళ కొంచెం ముద్దొచ్చింది. భయం కూడా వేసింది.

సెప్టెంబర్ 9. గద్వాల

అత్తగారింటికి వచ్చేశాను. ఆడబిడ్డ సుజాత తొలి కాన్పుకి వచ్చి ఉంది. ఆయన మగ్గం గుంటలో, అత్తమ్మ వంటింట్లో. సుజాత దగ్గరకు జరిగింది.

"నొప్పులెట్లుంటయి వదినా? నిజం చెప్పు."

"ఓర్చుకోవచ్చు."

ముఖం తేటపడింది దానికి. నాకు అన్నం సయించలేదు.

సెప్టెంబర్ 12

సుజాతకు చెప్పేశాను. దెబ్బ, ఆ మాట, అన్నీ. చెప్పకుండా ఉండాల్సిందేమో... తెల్లబోయింది. కడుపు మీద చేయి వేసుకుంది.

"అన్నకు ఎర్కనా?"

"లేదు."

"నువ్వు నాతోని లోపలికి రా వదినా. నా మీద చెయ్యెత్తితే పట్టుకో."

"వస్త" అన్నాను.

సెప్టెంబర్ 28

పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఆయన ఆటో కోసం పోయాడు. అత్తమ్మ పాత చీరలు మూటకడుతోంది. పాపను పక్కింటామెకు అప్పగించాను.

పోయేది అదే దవాఖానకు. అదే తలుపు. "నువ్వు బయట ఉండు" అంటారు. ఉండను అనాలి — గట్టిగా, అందరి ముందు. ఆరోజు నా కోసం నేనే నోరెత్తలేదు.

సుజాత పిలుస్తోంది. ఆటో వచ్చింది. పుస్తకం మూసేస్తున్నా, దాని చెయ్యి పట్టుకుని లోపలికి పోవాలి.