ముక్కులో చుక్క

సోమవారం, పుంగనూరు

నిద్ర పట్టక లేచి రాస్తాండా. పట్టుపురుగుల షెడ్లోకి పోతే తుమ్ములొస్తాండాయని సూపించుకుంటే, చేతి మీద గుచ్చి, రక్తం తీసి సూసి, ఏ అలర్జీ లేదన్నారు పోయిన నెల. "పని ఎగ్గొట్టే తుమ్ములు" అనింది అత్త. మా ఆయన ధైర్యంగా రెండో షెడ్డుకూ పట్టుపురుగులు తెచ్చినాడు.

ఈపొద్దు మదనపల్లె డాక్టరమ్మ పట్టుపురుగుల పొడి కలిపిన చుక్క ముక్కులో వేసింది. కాసేపటికే ముక్కు మూసుకుపోయి ఒకటే తుమ్ములు.

"కొందరికి అలర్జీ ముక్కులోనే ఉంటాదమ్మా, బయట టెస్టుల్లో కనపడదు. నువ్వు చెప్పింది నిజమే" అనింది. ఏడుపొచ్చింది.

ఇంటికొస్తే ఆయన షెడ్లో మల్బరీ ఆకు పరుస్తా, "ఏమన్నారు?" అన్నాడు. పురుగులు రేపో మాపో గూళ్లు కడతాయి. ఆ గూళ్లే మా కూడు.

"ఏమీ లేదంట" అని తుమ్మినా.

"నేను ముందే అంటి కదా" అనింది అత్త.