మా అమ్మీ ఇంట్లో మగమనిషి లేడని కాగితం ఇప్పించమని

గౌరవనీయులైన రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

ఇసుకదిబ్బపాలెం గ్రామస్తురాలు, లేటు షేక్ నబీ సాహెబ్ కుమార్తె షేక్ ఆయేషా, వయస్సు 31, వృత్తి నర్సు, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా తల్లి షేక్ మదార్‌బీ, వయస్సు 67, భర్త మరణానంతరం మళ్ళీ పెళ్ళి చేసుకోలేదన్న ధ్రువపత్రం నిరాకరించడం గురించి, తప్పుడు విచారణ నివేదిక రద్దు చేసి ఈ నెల 30వ తేదీ లోపు సదరు ధ్రువపత్రం ఇప్పించడం గురించి.

1. నేను ఆరేళ్ళుగా న్యూజీలాండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్నాను. రోజూ పరాయివాళ్ళ తల్లులకు స్నానం చేయించి, మందులిచ్చి, దుప్పటి కప్పి వస్తాను. నా తల్లి ఇక్కడ ఒక్కతే ఉంటుంది. పోయిన వేసవిలో స్నానాలగదిలో జారిపడి, పొద్దున్నుంచి మధ్యాహ్నం పాలవాడు వచ్చేదాకా అలాగే ఉండిపోయింది. ఆమెను శాశ్వతంగా నా దగ్గరికి తీసుకుపోవడానికి అంతకుముందే ఆ దేశానికి దరఖాస్తు పెట్టి ఉన్నాను. రెండేళ్ళకు ఆమె పేరు ఎంపికైంది. కాగితాలన్నీ 30వ తేదీ లోపు అందాలి. అందకపోతే ఎంపిక రద్దవుతుంది, మళ్ళీ వరుస మొదటికి వస్తుంది.

2. మా నాన్న ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పోసేవాడు. ఆయన మూడేళ్ళ కిందట తెనాలిలో ఆసుపత్రిలో చనిపోయారు. నిఖా జరిగింది రేపల్లెలో. కాపురం బాపట్ల దగ్గర ఈ పాలెంలో. కాబట్టి సెలవు మీద వచ్చిన నేను తొమ్మిది రోజులు ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సుల్లో తిరిగి మరణ పత్రం, నిఖానామా నకలు, మిగతావన్నీ సంపాదించాను. దొరకనిది ఒక్కటే: మా అమ్మీ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదన్న కాగితం.

3. దాని కోసం మా గ్రామ రెవెన్యూ అధికారి కిరణ్ కుమార్ గారు విచారణకు వచ్చారు. వస్తున్నట్లు ముందు చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి, ఎండకి వీధిలో పిట్ట కూడా లేని వేళ, మోటారు సైకిలు దిగి తలుపు కొట్టారు. ఆ సమయానికి నేను రేపల్లెలో ఉన్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అని. ఫలానా ఆఫీసు నుంచి వచ్చానని ఆ తర్వాత చెప్పారట.

మా అమ్మీ తలుపు చాటు నుంచి "ఉన్నారండి, మా ఆయన పడుకున్నారు" అంది.

4. ఈ మాట అబద్ధమని ఒప్పుకుంటున్నాను. ఆ అబద్ధం నేర్పింది నేనే. నాన్న పోయిన ఏడాదిలోనే ఎవరో మంచినీళ్ళు కావాలని వచ్చి, నీళ్ళు తాగాక కూడా పోకుండా మంచం మీద కూర్చున్నాడు. "ముసలమ్మా, ఒక్కదానివేనా ఉండేది?" అని రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రం అమ్మీ ఫోనులో ఏడ్చింది. అప్పుడు నేనే చెప్పాను: నాన్న చెప్పులు గుమ్మంలో పెట్టు, ఆయన చొక్కా ఒకటి రోజూ తడిపి దండెం మీద ఆరెయ్యి, తెలియని మనిషి ఎవడు తలుపు కొట్టినా నాన్న లోపల పడుకున్నాడని చెప్పు. మా వీధిలో ఒంటరి ఆడవాళ్ళు చాలామంది చేసే పనే ఇది. మూడేళ్ళు మా అమ్మీని కాపాడింది ఏ ఆఫీసూ కాదు, ఆ చొక్కా.

5. కిరణ్ కుమార్ గారి నివేదిక ఇలా ఉంది: "సదరు ఇంట వయోజన పురుషుడు నివసిస్తున్న ఆనవాళ్ళు కలవు. గుమ్మం వద్ద మగ చెప్పులు ఒక జత. దండెంపై తడి చొక్కా ఒకటి. భర్త నిద్రిస్తున్నట్లు సదరు స్త్రీయే స్వయంగా తెలిపినది. సదరు స్త్రీ నడవడిపై స్థానికంగా మరింత విచారణ అవసరం."

మా వంశంలో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. మా అమ్మీ వేటపాలెంలో ముప్ఫై ఏళ్ళు జీడిపిక్కలు ఒలిచి నన్ను చదివించింది. జీడి నూనెకి వేళ్ళ గీతలు అరిగిపోయి ఇప్పుడు మిషను మీద ఆమె వేలిముద్ర కూడా సరిగా పడదు. ఆ వేళ్ళు సంపాదించి పెట్టిన చదువుతో నేను చదవాల్సి వచ్చింది ఈ "నడవడి" అన్న మాట. అర్జీలో అసహ్యం అనే పదం వాడవచ్చో లేదో నాకు తెలియదు. వేరే పదం దొరకలేదు. నాకు అసహ్యం వేసింది.

6. ఈ నివేదిక తప్పని చెప్పుకోవడానికి మండల కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా జయకృష్ణ గారికీ నాకూ జరిగిన సంభాషణ:

"మీ అమ్మగారే చెప్పారు కదమ్మా, ఆయన పడుకున్నారని."

"మా నాన్న చనిపోయి మూడేళ్ళయిందండి. మరణ పత్రం మీ చేతిలోనే ఉంది."

"మరి పడుకున్నదెవరంటావ్?"

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. అక్కడున్న ఒక మేడమ్ మాత్రం తల దించుకున్నారు. ఆమెకు ఈ అర్జీ ద్వారా నా నమస్కారం.

భార్య పోయిన మగవాళ్ళు మా పాలెంలోనే ఆరుగురున్నారు. వాళ్ళ ఇళ్ళ దండేల మీద చీరలున్నాయా అని ఈ ప్రభుత్వం ఎప్పుడైనా చూసిందా అండి?

7. చివరికి జయకృష్ణ గారు ఒక దారి చెప్పారు. ఊళ్ళో గౌరవంగల మగవాళ్ళు ఇద్దరు, "పై స్త్రీ ఇంటికి పరపురుషులెవరూ రాకపోకలు సాగించడం లేదని నాకు స్వయంగా తెలియును" అని సంతకం పెట్టాలట. నాకు ఐదో తరగతి చెప్పిన శాలేమురాజు మాస్టారి దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"ఆయేషమ్మా, మదార్‌బీ అక్క గురించి ఎవడడిగినా చెబుతాను. కానీ ఇది నాకు స్వయంగా ఎట్లా తెలుసని అడిగితే ఏం చెప్పను? రోజూ గోడ పక్కన కాపలా కూర్చున్నానని రాయనా? అప్పుడు ముందు నా మీద రాస్తారు గదమ్మా విచారణ!"

ఇద్దరం నవ్వాం. తర్వాత మాస్టారు ఆ కాగితాన్ని నా చేతికివ్వకుండా చించేశారు. బదులుగా, ఆమె భర్త జనాజాలో ఖననం దాకా తాను నడిచాననీ, ఆమె ఆనాటి నుంచీ ఒంటరిగా ఉంటోందనీ సొంత దస్తూరీతో రాసిచ్చారు. అది దీనితో జతపరిచాను.

8. కావున తమరిని కోరేదేమనగా: సదరు నివేదికను రద్దు చేయాలి. మళ్ళీ విచారణ అవసరమైతే ఒక మహిళా అధికారిని, ముందుగా కబురు చేసి పంపాలి. 30వ తేదీ లోపు ధ్రువపత్రం ఇప్పించాలి. "నడవడి" అన్న వాక్యాన్ని రికార్డులో నుంచి కొట్టేయించాలి. ఈ చివరిది న్యూజీలాండ్ వాళ్ళు అడగలేదు, నేను అడుగుతున్నాను.

పై విషయాలన్నీ దయతో చిత్తగించవలెను. చిత్తగించిన తర్వాత ఈ అర్జీని మళ్ళీ అదే మండల కార్యాలయానికి "తగు చర్య నిమిత్తం" పంపకుండా ఉండవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
షేక్ ఆయేషా

తా.క.: సార్, అమ్మీ కూడా దీని మీద వేలిముద్ర వేస్తానంది. వేసేముందు మొత్తం చదవమంది. ఐదో అంశం దగ్గర ఆగిపోయాను. "చదవ్వే, దానికే గదా చదివించింది" అంది. చదివాను. తర్వాత, "నేను రానే, ఆయేషా. ఇలాంటివన్నీ అడిగించుకుని ఆ దేశం రావడం నాకొద్దు. నువ్వెళ్ళిపో" అని లేచి లోపలికి పోయింది. వేలిముద్ర వేయలేదు. అందుకే ఆ చోటు ఖాళీగా ఉంది.

వస్తుందో రాదో నాకు తెలియదు. ఆమె రానంటే అది ఆమె ఇష్టం, నేను ఏడుస్తాను, ఒప్పుకుంటాను. కానీ ఆమె రాలేకపోయింది మీ ఆఫీసు వల్ల అంటే మాత్రం ఒప్పుకోను. మీరు కాగితం ఇప్పించండి సార్. తెచ్చి ఆమె ముందు పెడతాను. అప్పుడు అడుగుతాను, వస్తావా అమ్మీ అని.