సాయంత్రానికల్లా ఆరిపోయే దీపం

సిద్ధగోరా, జంషెడ్‌పూర్
18 జూన్ 1985

చిరంజీవి కూర్మారావుకు రామచంద్రుడి రక్ష ఉండాలని కోరుతూ నాన్న రాసేది. ఇంట్లో అందరం కులాసా.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. గంగ శివుడి జటలో చిక్కుకున్ననాడు భగీరథుడు మూటాముల్లె సర్దుకుని ఇంటికి వచ్చేశాడా? అక్కడ విడిపించుకుంటే జహ్నుమహర్షి ఆ నీళ్ళన్నీ తాగేశాడు. అప్పుడైనా వచ్చేశాడా? మొన్న కాసిడీహ్ భజనలో ఈ ఘట్టమే చెప్పాను. నేను బల్ల గుద్దిన గుద్దుకి హార్మోనియం మీది గ్లాసు కిందపడింది. అంత గొంతు చించుకుని ఇంటికొస్తే నీ ఉత్తరం! నువ్వు చేసిన లేజర్ మళ్ళీ సాయంత్రానికల్లా చచ్చిపోయిందట. బెంగుళూరు ల్యాబు వదిలేసి వచ్చేస్తావట. నేను రిటైరయితే మిల్లువాళ్ళు బిడ్డకిచ్చే ఉద్యోగం నీకు ఇప్పించాలట.

మీ అమ్మ తెగ సంబరపడింది. నూకమ్మ సంగతి నీకు తెలియనిదా? దసరాకి వచ్చినప్పుడు ఆవగింజంత కూడా లేని ఆ లేజర్ ముక్క చూపించి, దీని వెలుగు కంటికి కనబడదు, వెంట్రుకంత గాజుపోగులో దూరి మనుషుల మాటల్ని ఊళ్ళు దాటిస్తుందని నువ్వు చెప్తే ఏమంది?

"ఎలుగే అగుపడనప్పుడు, అది ఎలిగిందో ఆరిందో నీకెలా తెలుత్తాదిరా?"

మీటరు ముల్లు చెబుతుందని నువ్వు నవ్వావు. అప్పుడు నీ మొహం చూశాను. కథ ఎత్తుకునేటప్పుడు నా మొహమూ అలాగే ఉంటుందట, అమ్మే అంటుంది.

మిల్లు పని తక్కువదని నేననను. మనకు అన్నం పెట్టింది అదే. ఇష్టపడి వస్తే చెయ్యి పట్టుకుని గేటు దాటించేవాణ్ణి. ఓడిపోయి మాత్రం రాకు. ఆ గింజ ఎందుకు చస్తోందో నాకు తెలియదు, నీకూ ఇంకా తెలియదు. తెలిసేదాకా దాని ముందు కూర్చో.

వేళకు తిను. చలువ చెయ్యడానికి మెంతులు పంపుతున్నాను.

ఆశీస్సులతో,
నాన్న పోలరాజు

తా.క.: అమ్మకింకా చెప్పలేదు. పొద్దున ఆఫీసుకు వెళ్ళి ఆ ఉద్యోగానికి నీ చెల్లి పద్మకుమారి పేరు రాయించేశాను. మిల్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వేస్తారట. అడగాలని ఎన్నాళ్ళుగానో ఉన్నా, నీకు రావలసిందని నోరు విప్పలేదట పిచ్చిది. బాగా ఆలోచించుకోమంటే, "నౌకరీ మైఁ కరూంగీ, నాన్నా" అంది, ఆ ఉద్యోగం తనే చేస్తానని, తడుముకోకుండా. కాబట్టి ఇక్కడ నీకు ఖాళీ లేదు. రాజీనామా ఇచ్చి ఉంటే ఇవాళే వెనక్కి తీసుకో. చొక్కా వేసుకుని ల్యాబుకు బయలుదేరు, ఇప్పుడే.