ట్రాక్టర్ బ్యాటరీ మీద మా కాంటా

1986 మార్చి, బుధవారం

గెలిచాం! నేనూ నా స్నేహితుడు మోహనూ తయారుచేసిన ఎలక్ట్రానిక్ కాంటాను దుకాణంలో పెట్టుకోమని మిర్చి సేటును ఆర్నెల్లుగా బతిమాలుతున్నాం. ఈరోజు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో చూపిస్తుంటే, మొదటి బస్తాకే కరెంటు పోయింది. అంకెలు మాయం.

సేటు పకపకా నవ్వి, "ఇగ తీస్కపోండ్రి" అన్నాడు.

"జర ఆగు సేటూ!" అన్నాడు ఆ బస్తా తెచ్చిన రైతు. "తూకం నా కండ్లకు కనవడే కాంటా ఇదొక్కటే." తన ట్రాక్టర్ బ్యాటరీ విప్పుకొచ్చాడు. లోపల నడిచేది పన్నెండు వోల్టులకే కాబట్టి మోహన్ తీగలు దానికి కలిపాడు. కాంటా వెలిగింది. వెనకాల రైతులు వరుస కట్టారు. ఇన్నాళ్లూ వీళ్లనెందుకు అడగలేదు మేము?

సేటు నవ్వడం మానేశాడు. "కలిసి చేద్దాం. పది కాంటాలు తెండ్రి, మార్కెట్ల నేనే పెట్టిస్త."

"నెలలో తెస్తాం" అన్నాను.

ఈ ఒక్కటి చేయడానికే మాకు ఏడాది పట్టింది.