కొట్టంలో సగం చీర

ఎస్తేరూ,

ఎలా ఉన్నావని అడగాలో వద్దో తెలియడం లేదు. నువ్వెళ్లి మూడు నెలలు దాటింది. మన చేలో మినుము పూతకొచ్చింది. క్రిస్మస్ కూడా వచ్చి వెళ్లిపోయింది... ఈసారి ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. ఎందుకు కట్టలేదని ఎవరూ అడగలేదు కూడా.

చదువురాని మనిషికి ఉత్తరమేంటని నవ్వుతున్నావా? రేపల్లె నుంచి మన అమ్మాయి సునీత రాసిన ఉత్తరాలన్నీ నువ్వు పాలు పిండుతుంటే కొట్టంలో కుడితి గోలెం పక్కన కూర్చుని నేనే కదా చదివింది. "నిదానంగా చదవయ్యా, పొయ్యి మీద పాలేమన్నా పొంగిపోతున్నాయా?" అనేదానివి. ఇదీ అక్కడే కూర్చుని చదువుతాను, పైకే చదువుతాను. ఎవరైనా విని నాకు పిచ్చెక్కిందనుకుంటే అనుకోనీ.

ముందు బుడ్డోడి సంగతి. నువ్వడిగేది అదే కదా. బతికే ఉన్నాడు. కొమ్ములు మొలవబోయే చోట తల దురద పుట్టి గుంజకి రుద్దుకుంటున్నాడు. పచ్చగడ్డి నాలుగు పరకలు నములుతున్నాడు. కానీ పాలు లేకపోతే ఇంకా ఉండలేడు.

తెనాలి ఆసుపత్రిలో, జ్వరం ముదిరి మనుషుల్ని పోల్చుకోవడం మానేశాక కూడా నువ్వు అడిగిన చివరి మాట అదే. "బుడ్డోడు తాగాడా?" సునీత ఏడో నెల కడుపుతో నీ కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. నేను నీ చెయ్యి పట్టుకుని ఉన్నాను. మా ఇద్దరినీ వదిలేసి, పుట్టి నెల కూడా నిండని దూడని అడిగావు. ఆ కోపం నాకింకా పోలేదు. తాగాడన్నాను. నువ్వు నమ్మినట్టు లేదు... నా మొహంలోకే చూస్తూ ఉండిపోయావు.

ఊళ్లో అందరిదీ ఒకటే మాట. పెయ్యదూడైతే రేపు పాలిస్తుంది, పోతుదూడకి పాలు దండగ అని. గేదె పాలు చేపడానికి సూదిమందు దొరుకుతుందట, దూడతో పనే లేదట. నేనూ ఆ గుంపులో మనిషినే, నీకు తెలుసు. ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతుతో ఎవరికి పని? "పోతుదైతే మాత్రం దానికి కడుపు లేదా?" అని నువ్వు కసిరినప్పుడల్లా నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ నువ్వు పోతూ పోతూ అడిగిన మాట నా మెడకి చుట్టుకుంది. ఆ దూడ పోతే రేపు నీకేం చెప్పను?

నల్లది చూస్తే తొలిచూలు గేదె. కన్న దూడనే దగ్గరికి రానివ్వకుండా తన్నే గేదెని మనం ఎక్కడైనా చూశామా? నువ్వు పక్కన నిలబడి నడుం మీద చెయ్యి వేసి, గొంతులో ఏదో కీర్తన తీస్తుంటేనే వాడికి చన్ను ఇచ్చేది. నేను వెళ్తే పాలు ఎగచేపి చుక్క కూడా రాల్చేది కాదు. బకెట్టు తన్నేది. పక్కింటి నాగమణి ఆవుపాలు ఇస్తే గిన్నెలో పోసి, వేళ్లు ముంచి వాడి నోట్లో పెట్టాను, నువ్వు కొత్తలో చేసినట్టే. రెండుసార్లు చీకి వదిలేసేవాడు. పక్కటెముకలు బయటపడ్డాయి. లేచి నిలబడడానికి కాళ్లు వణికేవి.

అప్పుడు నాగమణి చెప్పింది, నీ చీర కట్టుకుని వెళ్లమని. వాళ్ల అమ్మగారి ఊళ్లో ఎవరో అలా చేశారట.

నవ్వకు. నీ చీరలన్నీ, నువ్వు పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిన రోజే మీ అక్కచెల్లెళ్లు పంచుకున్నారు. మిగిలింది కొట్టంలో మేకుకి వేలాడే పచ్చచీర ఒక్కటే. "మంచి చీరతో కొట్టంలోకి రాకూడదు, పేడ మరక జన్మకి పోదు" అని దాన్ని అక్కడే ఉంచేదానివి. కుడితి వాసన కొట్టే ఆ చీర ఎవరికీ అక్కర్లేక నాకు దక్కింది. సంఘ పెద్దని, ఆదివారం చర్చిలో కానుక సంచి పట్టుకుని తిరిగేవాణ్ణి, ఇంతేసి మీసాలున్నవాణ్ణి... తెల్లవారుతుండగా మంచులో నెత్తిన కొంగు కప్పుకుని కొట్టంలోకి నడిచాను.

నల్లది చీర వాసన చూసింది. నా మొహం మాత్రం చూడలేదు. కాసేపటికి చన్నులు నిండి బిగిశాయి. బుడ్డోణ్ణి వదిలితే మూతినిండా నురగతో తాగాడు. తాగి, తిన్నగా వచ్చి నా కొంగు చివర వెతికాడు. విప్పి చూస్తే ముడిలో బెల్లం ముక్క. నువ్వెప్పుడు కట్టి పెట్టావో... చీమ కూడా పట్టలేదు. అది వాడికి పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నువ్వు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

అప్పటినుంచి రోజూ అదే వరస. మూడు చన్నుల పాలు కేంద్రానికి, నాలుగోది వాడికి. "నాలుగోది దానిది, జోలికెళ్లకు" అని నువ్వు పెట్టిన లెక్కే. వాడు మన్ను తినకుండా మూతికి చిక్కం కడుతున్నాను. పాలకి వదిలేటప్పుడు తీసిన చిక్కాన్ని నువ్వైతే కడిగి గుంజకి బోర్లించేదానివి. నాకంత ఓపిక లేదు, ఎక్కడో అక్కడ పడేస్తాను.

కొన్నాళ్లకి ఊళ్లో పుకారు పుట్టింది. కాలవగట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్లు మంచులో నిన్ను చూశారట. పచ్చచీరలో, తల వంచుకుని కొట్టంలోకి పోతున్నావట. పాలకేంద్రంలో నేను వెళ్లగానే మాటలు ఆపేసేవాళ్లు. పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి ఇంట్లో ప్రార్థన పెట్టిద్దామా అన్నారు. ఆ దయ్యం నేనేనని ఆయనకెలా చెప్పను? సంగతి తెలిసిన నాగమణి ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నేనూ నవ్వుకున్నాను, చచ్చి కూడా నీకు పేడ ఎత్తే పని తప్పలేదని.

ఇక్కడిదాకా నవ్వులాటే. ఇక ముందుది నేను ఎవరికీ చెప్పలేదు.

సునీతకి నొప్పులొస్తున్నాయని నాగమణి ఇంటికి ఫోనొచ్చింది. పిల్లని చుట్టడానికి అమ్మ కట్టిన పాత నూలుచీర తెమ్మని అది ముందే అడిగి ఉంది. ఉన్నది పచ్చచీరే కదా. సంచిలో కుక్కుకుని మధ్యాహ్నం రేపల్లె బండెక్కాను, సాయంత్రానికి తిరిగి రావచ్చనుకుని. కానుపు అంత తేలిగ్గా కాలేదు. ఆఖరి బండి వెళ్లిపోయింది. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాత్రంతా అటు కూతురి కోసం, ఇటు బుడ్డోడి కోసం ప్రార్థన చేశాను. దూడ కోసం ప్రార్థన చేసిన సంఘ పెద్ద ఇంకెక్కడైనా ఉన్నాడో లేదో.

బాగా పొద్దెక్కాక ఆడపిల్ల పుట్టింది. నీ ముక్కే. సునీత ఆ చీరని మొహానికి హత్తుకుని అమ్మ వాసన, అమ్మ వాసన అంటూ వదల్లేదు. నర్సమ్మ ముక్కు మూసుకుని తిట్టింది. చివరికి సగం చింపి, ఆ సగాన్ని వేడినీళ్లలో ముంచి ఆరేసి, పిల్లని చుట్టి నా ఒళ్లో పెట్టారు. మిగతా సగం నా సంచిలోనే ఉంది. పిల్ల నా చిటికెన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఎంత బలంగా చీకిందనుకున్నావు... బుడ్డోడు గుర్తొచ్చి కూర్చోలేకపోయాను.

ఎదురుగా ఉన్న బూత్ నుంచి నాగమణికి ఫోన్ చేశాను. తన చీరతోనే వెళ్లి ఎలాగోలా దూడని నల్లది దగ్గర నిలబెట్టి చూడమని అడుగుదామని. ఆమె నవ్వింది. వేళాకోళమా అంది. రాత్రి చివరి బండికి నేను తిరిగొచ్చాననే అనుకుంటోంది. పొద్దున మంచులో నేను గొంతుకూర్చుని పాలు పిండుతుంటే దడి ఇవతలి నుంచి చూసిందట, బుడ్డోడు పక్కనే తోక ఆడిస్తూ తాగుతున్నాడట. పలకరిస్తే నేను తల తిప్పలేదట. అదీకాక నీలం అంచు తెల్లచీర ఎక్కడ సంపాదించానని అడిగింది. అంత మంచి చీర కొట్టంలో కట్టుకుంటే మరకలు పోతాయా అని కోప్పడింది.

ఆ తరవాత ఆమె ఏమందో నాకు వినిపించలేదు. ఫోన్ పెట్టేసి, సంచిలో పచ్చచీర సగం ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

నీలం అంచు తెల్లచీర మన ఇంట్లో ఒక్కటే ఉండేది ఎస్తేరూ. చర్చిలో రొట్టె, రసం పంచే బల్ల ఆరాధనకి నువ్వు కట్టుకునేది. చీరల పెట్టెలోంచి నా చేత్తోనే తీసి ఆడవాళ్లకిచ్చాను, నీకు కట్టమని. శవపెట్టె మూత వేసేముందు కొంగు సర్దింది కూడా నేనే. ఆ రోజు నాగమణి ఊళ్లో లేదు. బాపట్లలో వాళ్లమ్మ దగ్గరుండి, సమాధి అయిన రెండోనాటికి వచ్చింది. నువ్వు ఏ చీరలో వెళ్లావో ఆమె చూడలేదు. ఎవరినన్నా అడిగి ఉంటుందా? అడిగితే మాత్రం అంత మామూలుగా చెబుతుందా?

సాయంత్రం బండి దిగి ఇంట్లోకి కూడా వెళ్లకుండా కొట్టంలోకి వెళ్లాను. చిక్కం కడిగి ఉంది. గుంజకి బోర్లించి ఉంది. పూటల తరబడి పిండకపోతే రాయిలా బిగుసుకోవాల్సిన పొదుగు మెత్తగా ఉంది. బుడ్డోడి పొట్ట గుండ్రంగా ఉంది. వేలు నోటికి అందిస్తే ఒకసారి నాకి మొహం తిప్పుకున్నాడు. సగం చీర కప్పుకుని వాడి ముందు నిలబడ్డాను. కొంగు వెతకలేదు. మూతి దగ్గర బెల్లం వాసన.

ఎవడో దొంగ పాలు పిండుకుపోయాడనుకుందామంటే, దూడకి పాలు వదిలిపెట్టే దొంగ ఉంటాడా? పోతుదూడ చిక్కం కడిగి బోర్లించే దొంగ ఉంటాడా?

వెనక్కి తిరిగితే నల్లది చెవులు రిక్కించి కాలవ వైపు దడిలో సందుకేసి చూస్తోంది. బుడ్డోడూ అటే చూస్తున్నాడు. నేనూ చూశాను. చీకటి పడుతోంది, మంచు దిగుతోంది, అంతే. కానీ వాళ్లిద్దరి తలలూ మెల్లగా, ఒకేసారి, ఎడమ నుంచి కుడికి తిరిగాయి... ఎవరో నడిచి వెళ్తుంటే చూసినట్టు.

నేను పిలవలేదు. పిలిచి ఉండాల్సిందా?

నిద్రపోతున్నావనే కదా సమాధి దగ్గర పాస్టరుగారు చెప్పింది. చివరి దినాన కడబూర మోగేదాకా నిద్రేనన్నారు. మరి నీకు నిద్ర పట్టడం లేదా? ఈ దూడ వల్లా? నేను సరిగ్గా చూసుకోలేనని అనుమానమా? నాకు భయమేసింది, దాచను. ఇప్పటికీ తెల్లవారుజామున కొట్టం తలుపు తీయబోతూ ఒకసారి దగ్గుతాను, లోపల ఎవరైనా ఉంటే సర్దుకుంటారని. నువ్వైతే భయం లేదు. నువ్వు కాకపోతే... ఆ ఆలోచన నాకొద్దు.

చేబ్రోలు నుంచి ఒకతను నల్లదాన్ని కొంటానని వచ్చాడు. దూడ మాత్రం వద్దట. సునీత కూడా అమ్మేసి రేపల్లె వచ్చెయ్యమంటోంది. దూడని వదిలేసి గేదెని తోలుకుపోయేవాడికి ఇచ్చే పశువు నా దగ్గర లేదని చెప్పి పంపేశాను. నీ మాటే వాడి మొహాన కొట్టాను, దానికి కడుపు లేదా అని.

ఇప్పుడు అసలు విషయం. వచ్చే ఆదివారం పిల్లకి బాప్తిస్మం. నీ పేరే పెడుతున్నారు. తాతని, వెళ్లకుండా ఎలా ఉంటాను? ఆ రాత్రి అక్కడే ఉండక తప్పదు. నాగమణికి సగం చీర కప్పి రెండుసార్లు ప్రయత్నం చేశాం. నల్లది ఆమె మోకాలి మీద తన్నింది. ఇంకెవరూ దాని దగ్గరికి రామంటున్నారు.

అందుకే ఈ ఉత్తరం. నిన్ను లేపడం తప్పో ఒప్పో నాకు తెలియదు. దేవుడికి నేను చెప్పుకుంటాను. ఇదొక్కసారే అడుగుతాను, వాడు గడ్డికి నిలదొక్కుకున్నాక ఇంక అడగను. నిన్ను హాయిగా నిద్రపోనిస్తాను, మాట ఇస్తున్నాను.

పచ్చచీర సగమే ఉంది, మిగతా సగం నీ మనవరాలి ఒంటి మీద ఉంది. నా దగ్గరున్న సగాన్ని నీకందే మేకుకి తగిలించాను. పైన చుట్టుకో. తెల్లచీర పాడుచేసుకోకు, పేడ మరక జన్మకి పోదు. కొంగు ముడిలో బెల్లం కట్టాను. దడిలో సందు నాగమణి కొడుకు మూసేస్తానంటే వద్దన్నాను.

సోమవారం మొదటి బండికి వచ్చేస్తాను. నువ్వు ఉన్నా లేకపోయినా, తలుపు దగ్గర నిలబడి నేనే అడుగుతాను.

బుడ్డోడు తాగాడా?

సునీత నాన్న