మోత వద్దన్నారు

నాన్నా,

ఆదిత్యపూర్ ఫ్యాక్టరీ షెడ్డులో గ్యాస్ లీకై నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గ్యాస్ లీకైతే మోగే సైరన్ తయారుచేసి, స్టార్టప్‌లకు డబ్బిచ్చే ఒక యాక్సిలరేటర్‌కి దరఖాస్తు పెట్టాను. నిన్న వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేశారు. పెట్టుబడిదారుల దళారులు టీషర్టు వేసుకుంటే మాత్రం మారతారా?

"మోత వద్దు, పని ఆగిపోతుంది. మేనేజర్ ఫోన్‌కి మెసేజ్ వెళ్తే చాలు. మీ నాన్నగారి కథ మాత్రం మొదటి స్లైడ్‌లో పెట్టండి" అన్నారు. కాల్ కట్ చేశాను.

"ఏటన్నార్రా?" అంది అమ్మ.

"మోగకూడదంటమ్మా."

"మోగనిది ఏటికిరా? ఆళ్ల మెళ్లో కట్టుకోమను!"

ఈ ఉదయం నీ షెడ్డు గేటు దగ్గర నా సైరన్ మోగించాను. "పాగల్ హై క్యా?" అంటూ సూపర్‌వైజర్ నా కాలర్ పట్టుకున్నాడు. పట్టుకోనీ. అప్పటికే లోపల ఒక్కడూ లేడు నాన్నా, అందరూ బయటికొచ్చేశారు.